బ్యాటరీ మీద అచ్చైన అంకె

2007 ఆగస్టు 14న నోకియా ఒక ప్రకటన చేసింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ తయారు చేసిన బీఎల్-5సీ బ్యాటరీల్లో కొన్ని ఛార్జింగ్ పెట్టినప్పుడు షార్ట్ అయి, వేడెక్కి, ఫోన్లోంచి ఊడి బయటికి రావచ్చు, అవి ఉన్నవాళ్లు ఉచితంగా మార్చుకోవచ్చు అని దాని సారాంశం. అనుమానంలో పడ్డవి 4.6 కోట్ల బ్యాటరీలు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద నమోదైన ఘటనలు వందకు అటూ ఇటూ, పెద్ద గాయాలేవీ లేవు. ఆ కబురు మన దేశంలో ఊరూరా తిరిగేసరికి ‘నోకియా ఫోన్లు పేలిపోతున్నాయట’ అయింది. జనం వెనక మూత జార్చి, బ్యాటరీ పైకి లేపి, దాని మీది 26 అక్షరాల గుర్తింపు సంఖ్యను కళ్లు చికిలించి చదివారు. చదవలేనివాళ్లు దుకాణందారుల చేత చదివించుకున్నారు. అంతవరకు బ్యాటరీ మీద ఏం రాసి ఉందో పట్టించుకోని ఎంతోమంది ఆ వారంలో తొలిసారి దాన్ని తిప్పి చూశారు.

ఫోన్ల చరిత్ర రాసేవాళ్లు తెర గురించీ కెమెరా గురించీ పేజీలు నింపుతారు. బ్యాటరీకి ఒక్క పేరా దక్కితే గొప్ప. వాడేవాళ్లు తమ చేత్తో విప్పి, పరీక్షించి, నచ్చకపోతే మార్చుకోగలిగిన భాగం అదొక్కటే అయి కూడా దానికి అంతే దక్కింది. దాని మీద అచ్చైన అంకె నిజమో కాదో తేల్చుకునే పని చాలాకాలం కొన్నవాళ్ల చేతిలో, వీధి చివరి రిపేర్ షాపు చేతిలో ఉండేది. ఆ పని తర్వాత వాళ్ల చేజారింది. ఎలా జారిందో, ఇప్పుడెలా తిరిగి వస్తోందో చెప్పుకోదగ్గ కథ.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మార్టిన్ కూపర్ తొలి చేతిఫోన్ కాల్ చేసినప్పుడు ఆయన పట్టుకున్న మోటరోలా నమూనా బరువు కిలోకు పైనే. ఇరవై నిమిషాలు మాట్లాడితే బ్యాటరీ అయిపోయేది. అంత బరువును అంతసేపు చెవి దగ్గర ఎత్తి పట్టుకోవడమే కష్టం కాబట్టి అదేమంత ఇబ్బంది అనిపించలేదని కూపర్ తర్వాతి రోజుల్లో చెప్పేవారు. ఆ నమూనా మెరుగుపడి డైనాటాక్ 8000ఎక్స్‌గా అమ్మకానికి రావడానికి పదేళ్లు పట్టింది. ధర 3,995 డాలర్లు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాటలు.

అందులోది నికెల్-కాడ్మియం బ్యాటరీ. సగం వాడి ఛార్జింగ్ పెడుతూ పోతే మిగతా సగం క్రమంగా అక్కరకు రాకుండా పోతుందని దానికి పేరు. అందుకే పూర్తిగా దించి, పూర్తిగా నింపమని చెప్పేవారు. ఆ రసాయనం ఫోన్లలోంచి ఏనాడో పోయింది, సలహా మాత్రం నిలిచిపోయింది. కొత్త ఫోన్ కొంటే ముందు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాకే ఆన్ చేయాలని మన దుకాణాల్లో లిథియం రోజుల్లోనూ చెబుతూ వచ్చారు. లిథియం బ్యాటరీకి అలాంటి దీక్ష అక్కర్లేదు, పైగా అస్తమానం అడుగంటా దించడం దానికి చేటు.

ఎక్కువసేపు వచ్చే బ్యాటరీ విడిగా కొనుక్కునే పద్ధతి కూడా మోటరోలా కాలం నాటిదే. 1989లో వచ్చిన మైక్రోటాక్‌కు పలచటివీ మందపాటివీ వేర్వేరు బ్యాటరీలు అమ్మేవారు. జేబు తేలిగ్గా ఉండాలంటే పలచటిది, రోజంతా తిరిగే పని ఉంటే మందపాటిది. 1996 నాటి స్టార్‌టాక్ ఫోన్ 88 గ్రాములే, కావాలంటే దాని వీపున మరో బ్యాటరీ తగిలించుకోవచ్చు. నోకియా 5110కి కంపించే బ్యాటరీ దొరికేది. ఫోన్లో లేని వైబ్రేషన్‌ను బ్యాటరీ మార్చి తెచ్చుకునేవారు.

ఈలోగా ప్రయోగశాలల్లో వేరే కథ నడిచింది. 1970ల్లో ఎక్సాన్‌లో స్టాన్లీ విట్టింగ్‌హామ్, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్, 1985లో జపాన్‌లో అకిరా యోషినో వేసిన అడుగుల మీద నడిచి 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. సోనీ తొలి సెల్‌లో లీటరు పరిమాణానికి దాదాపు 200 వాట్ అవర్ల శక్తి పట్టేది. నేటి మేలైన ఫోన్ సెల్స్‌లో 700 దాటింది. మూడు దశాబ్దాలు ప్రపంచంలోని మహామహులు తలలు బద్దలు కొట్టుకుంటే వచ్చిన పెరుగుదల మూడున్నర రెట్లు. బ్యాటరీ మీద ఏ అంకె కనబడినా ఈ లెక్కతో పోల్చి చూడాలి.

మన ఊళ్లకు బ్యాటరీ అంటే బీఎల్-5సీయే. 2003లో నోకియా 1100 వచ్చింది, టార్చిలైటుతో, దుమ్ము చొరబడని కీప్యాడ్‌తో. అది 25 కోట్లకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది వచ్చిన 6600 అప్పట్లో కాస్త ఉన్నవాళ్ల ఫోన్. రెండింటిలోనూ ఒకటే బ్యాటరీ. కూలికి వెళ్లే మనిషి ఫోన్లోంచి తీసి కాంట్రాక్టరు ఫోన్లో వేసినా పనిచేసేది. ఆ సౌలభ్యం చూసి చైనా తయారీదారులు ఎఫ్ఎం రేడియోలకూ భక్తిపాటల స్పీకర్లకూ అదే కొలత పెట్టారు. నోకియా ఫోన్లు పోయినా ఆ ఆకారం బతికి ఉంది.

దాన్ని పరికించి చూస్తే మూడు లోహపు రేకులు కనబడతాయి. అటూ ఇటూ ప్లస్సూ మైనస్సూ. నడిమి రేకు వెనక ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. లోపలున్నది ఏ రకం బ్యాటరీయో ఫోన్‌కు చెప్పేది అదే. నకిలీలు చేసేవాళ్లు ఆ రెసిస్టర్‌ను కూడా పెట్టేవారు, లేకపోతే ఫోన్ ఒప్పుకోదు. వాళ్లు పొదుపు చేసింది లోపలి సెల్‌లో, షార్ట్ అయినప్పుడు కాపాడే సర్క్యూట్‌లో. పైకి కనబడని చోటే కోత పెట్టారు, ప్రమాదమంతా అక్కడే ఉంది.

నోకియా ఈ నకిలీలకు విరుగుడుగా బ్యాటరీ మీద హోలోగ్రామ్ అంటించింది. ఒకవైపు నుంచి చూస్తే చేతులు కలుపుతున్న గుర్తు, మరోవైపు నుంచి కంపెనీ ముద్ర కనబడాలి. ఎడమకు, కుడికి, కిందికి, పైకి వంచితే వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు తేలాలి. పక్కన గీకితే 20 అంకెల కోడ్ బయటపడుతుంది. దాన్ని ఎస్సెమ్మెస్ చేస్తే అసలుదో నకిలీదో జవాబు వస్తుంది. ఫోన్‌తో ఇచ్చే చిన్న పుస్తకంలో ఆసియా పసిఫిక్ దేశాలన్నిటికీ కలిపి ఒక విదేశీ నంబరు ఉండేది, ఇండియాకు మాత్రం విడిగా 5555 ఉండేది. ఒక్క దేశానికి ప్రత్యేకం నంబరు పెట్టారంటే ఇక్కడి బజారు ఎంత పెద్దదో, నకిలీల బెడద వాళ్లనెంత కంగారు పెట్టిందో ఊహించవచ్చు.

అయితే ఆ ఎస్సెమ్మెస్ చెప్పేది బ్యాటరీ ఎవరు చేశారన్న సంగతే. ఎంతసేపు వస్తుందో అది చెప్పదు. ఆ పరీక్షను మెకానిక్‌లు తమకు తాముగా కనిపెట్టుకున్నారు. బ్యాటరీని గాజు కౌంటర్ మీద వెల్లకిలా పెట్టి వేలితో ఒక తిప్పు తిప్పేవారు. గిర్రున తిరిగిందంటే పొట్ట ఉబ్బినట్టు, దాని పని అయిపోయినట్టు. చదునుగా ఉన్నది కౌంటర్‌కు అతుక్కుని కదలకుండా ఆగిపోతుంది. ఖర్చు లేని పరీక్ష, క్షణంలో తేలే పరీక్ష. లోపల వాయువు పుట్టి కవచాన్ని నెట్టినప్పుడే ఉబ్బు వస్తుంది కాబట్టి దాని వెనక శాస్త్రం కూడా ఉంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ మొదలు మండల కేంద్రంలో బడ్డీకొట్టంత షాపు దాకా ఇది తెలియని మెకానిక్ ఉండడు.

రెండో పరీక్ష మల్టీమీటర్‌ది. అక్కడే చాలామంది పొరబడేవారు. మీటరులో 3.7 చూపింది కాబట్టి బ్యాటరీ భేషుగ్గా ఉందనేవారు. వోల్టేజీ చూసి బ్యాటరీని కొలవడం బానలో నీళ్ల ఎత్తు చూసి ఎన్ని బిందెలు వస్తాయో చెప్పడం లాంటిది. బాన వెడల్పు తెలియకుండా ఆ లెక్క కుదరదు. ముసలి బ్యాటరీ కూడా నిండా ఛార్జ్ అయ్యాక కొత్తదాని వోల్టేజే చూపుతుంది. తేడా వాడకంలో తెలుస్తుంది, కాల్ మొదలుపెట్టగానే జారిపోతుంది.

బ్యాటరీ ఎక్కువసేపు రావడమే వ్యాపారంగా మారిన ఘట్టం కూడా మన దేశంలో ఉంది. పశ్చిమ బెంగాల్ బహరంపూర్ దగ్గర ఒక ఫోన్ బూత్ లారీ బ్యాటరీ మీద నడవడం, ఆ బ్యాటరీని ఛార్జింగ్ కోసం సైకిల్ మీద రోజూ మైళ్ల దూరం మోసుకెళ్లడం చూశానని మైక్రోమ్యాక్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాహుల్ శర్మ చెబుతారు. 2008లో ఆ కంపెనీ తెచ్చిన తొలి ఫోన్ ఎక్స్1ఐ నెల రోజుల స్టాండ్‌బై మాటతోనే అమ్ముడైంది. కరెంటు వేళాపాళా లేని పల్లెలకు కెమెరా కంటే ఆ మాటే విలువైనది.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక అందరూ ఆ పల్లెవాసుల అవస్థలోనే పడ్డారు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1లో బ్యాటరీ 1,150 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు). పెద్ద తెర, ఎప్పుడూ నడిచే ఇంటర్నెట్, బ్యాటరీ మాత్రం కీప్యాడ్ ఫోన్ నాటిది. 2011లో అమెరికాలో వచ్చిన హెచ్‌టీసీ థండర్‌బోల్ట్ 4జీ ఫోన్‌లో 1,400 ఎంఏహెచ్ ఇచ్చారు, మధ్యాహ్నానికల్లా ఖాళీ. దాన్ని అమ్మిన వెరైజన్ సంస్థే 2,750 ఎంఏహెచ్ బ్యాటరీని, దానికి సరిపడే గూని మూతతో సహా, విడిగా అమ్మకానికి పెట్టింది. హాంకాంగ్‌కు చెందిన మ్యూగెన్ లాంటి కంపెనీలు ఇదే పనిగా పెట్టుకున్నాయి. జీరోలెమన్ అనే కంపెనీ మరీ ముందుకెళ్లి 3,200 ఎంఏహెచ్‌తో వచ్చిన గెలాక్సీ నోట్ 3కి 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ చేసింది. అది తగిలిస్తే ఫోన్ ఇటుకలా తయారయ్యేది. అయినా దాన్ని నిజాయితీ గల సరుకని ఒప్పుకోవాలి. శక్తి కావాలంటే చోటు కావాలి, ఆ చోటు ఎంతో అది దాచకుండా చూపించింది.

నిజాయితీ లేనివి వేరే ఉన్నాయి. అసలు బ్యాటరీ కొలతే, అసలు బ్యాటరీ మందమే, పైన బంగారు రంగు కాగితం, దాని మీద అసలుదానికి రెట్టింపు అంకె. బీఎల్-5సీ చరిత్ర తెలిసినవాళ్లకు ఇది చూడగానే దొరికిపోతుంది. ఆ కొలతలోనే నోకియా 850తో మొదలుపెట్టి, తర్వాత 970కి, చాలా ఏళ్లకు 1,020 ఎంఏహెచ్‌కు చేరింది. మొత్తం పెరుగుదల ఇరవై శాతం. అదే డబ్బాలో 2,400 ఉందని ఎవరైనా అచ్చువేస్తే పరీక్ష కూడా అనవసరం. టార్చిలైట్లలో వాడే గుండ్రటి 18650 సెల్స్‌ది కూడా ఇదే తంతు. మంచి కంపెనీల సెల్ 3,600 దగ్గర ఆగిపోతే బజారులో 9,900 అని అచ్చేసినవి దొరుకుతాయి.

ఇంకో చిక్కు వోల్టేజీలో ఉంది. 2012 నాటి గెలాక్సీ ఎస్3 తన బ్యాటరీని 4.35 వోల్టుల దాకా నింపుతుంది. అంతకు ముందరి సెల్స్ చాలావరకు 4.2 దగ్గర ఆగాల్సినవి. పాత రకం సెల్‌కు కొత్త లేబుల్ అతికించి అలాంటి ఫోన్లో వేస్తే ప్రతి ఛార్జింగ్‌లోనూ అది తన హద్దు దాటుతుంది. మొదట్లో బ్యాకప్ బాగానే ఉందనిపిస్తుంది, కొన్నాళ్లకు ఉబ్బుతుంది.

మరి అంకెను సరిగా తేల్చేదెలా? అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61960 చెప్పే పద్ధతి సూటిగా ఉంటుంది. బ్యాటరీని నిండా ఛార్జ్ చేయాలి. ఇరవై డిగ్రీలకు అయిదు అటూ ఇటూ ఉన్న వేడిమిలో ఉంచాలి. లేబుల్ మీది అంకెలో అయిదో వంతు కరెంటును నిలకడగా లాగుతూ, వోల్టేజీ నిర్ణీత హద్దుకు పడేదాకా కాలం లెక్కించాలి. 2,800 అని రాసి ఉంటే 560 మిల్లీ ఆంపియర్ల చొప్పున లాగాలి, అయిదు గంటలు వస్తే అంకె నిజం. మూడు గంటలకే చేతులెత్తేస్తే లోపల ఉన్నది 1,680. కెనడాలో ఇసిడోర్ బుక్‌మన్ స్థాపించిన కేడెక్స్ ఈ పని చేసే యంత్రాలకు పేరు పొందింది. అంత ఖర్చు పెట్టలేని ఔత్సాహికులు బొమ్మ విమానాల బ్యాటరీలకు వాడే ఛార్జర్లతో ఇదే పని చేసుకున్నారు.

యూఎస్‌బీ మీటర్ పెట్టి ఛార్జింగ్‌లో ఎంత ఎక్కిందో చూసేవాళ్లు ఒకటి గమనించాలి. మీటర్ లెక్కపెట్టేది 5 వోల్టుల దగ్గర, బ్యాటరీ అంకె దాదాపు 3.85 వోల్టుల దగ్గరిది. 2,800 ఎంఏహెచ్ అంటే 10.8 వాట్ అవర్లు. అదే శక్తి 5 వోల్టుల లెక్కలో 2,156 ఎంఏహెచ్ మాత్రమే. మార్పిడిలో వేడిగా పోయేది కలిపినా మీటర్ తక్కువే చూపవచ్చు. ఆ సంగతి తెలియక మంచి బ్యాటరీని నకిలీ అని తిప్పి పంపినవాళ్లూ ఉంటారు. పోల్చాల్సింది వాట్ అవర్లను.

ఫోన్ చూపించే శాతాన్ని నమ్మడం ఇంకా కష్టం. పెద్ద బ్యాటరీ వేసినా కొన్ని ఫోన్లు పాత బ్యాటరీ లెక్కనే పట్టుకుని కూర్చునేవి. తెర మీద ఒక శాతం కనబడుతూనే గంటల తరబడి నడిచేవి. దానికి మందుగా ‘బ్యాటరీస్టాట్స్’ అనే ఫైల్ తుడిచేయాలన్న నమ్మకం వాడుకరుల్లో ప్రబలింది, ఆ పని చేసిపెట్టే యాప్‌లు కూడా పుట్టాయి. 2012లో ఆండ్రాయిడ్ ఇంజనీర్ డయాన్ హాక్‌బార్న్ దాన్ని బహిరంగంగా ఖండించారు. ఆ ఫైల్‌లో ఉండేది ఏ యాప్ ఎంత వాడిందన్న చిట్టా మాత్రమే, దాన్ని తుడిస్తే బ్యాటరీ శాతమూ మారదు, ఆయుష్షూ పెరగదు అని వివరించారు.

కాలమూ వేడీ చేసే నష్టం వేరు. కేడెక్స్ వారి పట్టికల ప్రకారం 40 డిగ్రీల వేడిలో నిండు ఛార్జితో ఏడాది పడి ఉన్న లిథియం బ్యాటరీకి మిగిలేది 65 శాతం సామర్థ్యం. అదే వేడిలో నలభై శాతం ఛార్జితో ఉంటే 85 శాతం మిగులుతుంది. కొత్త బ్యాటరీలు సగం ఛార్జితో రావడానికి ఇదొక కారణం. తయారీ ఆగిపోయిన ఫోన్‌కు ‘ఒరిజినల్’ బ్యాటరీ దొరికిందని సంబరపడేవాళ్లు దాని తయారీ తేదీ చూడాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో నాలుగైదు వేసవులు అల్మరాలో గడిపిన అసలు బ్యాటరీ కంటే నిరుడు చేసిన మంచి ప్రత్యామ్నాయమే మేలు.

ఈ విద్యంతా 2010ల నడుమ ఉన్నట్టుండి పనికిరాకుండా పోయింది, బ్యాటరీ ఫోన్ లోపల బందీ అయింది కాబట్టి. 2007లో తొలి ఐఫోన్ ఆ దారి వేసింది. 2015లో శామ్‌సంగ్ కూడా గెలాక్సీ ఎస్6తో మూత మూసేసింది. ముందటి ఎస్5లో 2,800 ఎంఏహెచ్ మార్చుకోదగ్గ బ్యాటరీ ఉంటే, ఎస్6లో 2,550 ఎంఏహెచ్‌ది అతికించి ఇచ్చారు. తక్కువ ఇచ్చి, మార్చుకునే వీలూ తీసేశారు. పలచదనం కోసం, నీళ్లు చొరబడకుండా ఉండటం కోసం అన్న సమాధానాల్లో కొంత నిజం ఉంది. కానీ ఎస్5 కూడా నీటికి తట్టుకునేదే, దాని మూత గోటితో ఊడేది.

మూసేశాక పరీక్ష బాధ్యత పూర్తిగా కంపెనీలదే అయింది. 2016లో గెలాక్సీ నోట్ 7 ఆ బాధ్యత ఎంత బరువైనదో చూపించింది. ఆగస్టులో విడుదలైన ఫోన్లు కాలిపోతున్నాయని సెప్టెంబరులో 25 లక్షలు వెనక్కి పిలిచారు. వేరే కంపెనీ బ్యాటరీలతో ఇచ్చిన మార్పిడి ఫోన్లు కూడా కాలాయి. అక్టోబరులో తయారీయే ఆపేశారు. తర్వాత దాదాపు 700 మంది ఇంజనీర్లు రెండు లక్షల ఫోన్లనూ ముప్ఫై వేల బ్యాటరీలనూ పరీక్షించి 2017 జనవరిలో కారణాలు చెప్పారు. మొదటిదాంట్లో మూల దగ్గర ఎలక్ట్రోడ్ వంగింది, రెండోదాంట్లో వెల్డింగ్ దగ్గర లేచిన ముల్లు లోపలి పొరను చీల్చింది. అదే ఏడాది డిసెంబరులో పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లను ఆపిల్ సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేస్తోందని బయటపడింది. కొత్త బ్యాటరీ వేయించుకున్న ఒక వాడుకరి తన ఫోన్ వేగం పుంజుకోవడం కొలిచి చూపడంతో డొంక కదిలింది. వాడేవాళ్లు చేసుకున్న చిన్న పరీక్ష అంత పెద్ద కంపెనీ చేత క్షమాపణ చెప్పించింది. మన దేశంలో బ్యాటరీ మార్పిడి ధరను 6,500 రూపాయల నుంచి 2,000కు దించారు, ఫోన్లోనే బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే వీలు వచ్చింది.

ఇప్పుడు ఆ వీలును చట్టాలు విస్తరిస్తున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీ 800 సార్లు నింపి దించాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్నది మరో చట్టం. ఎక్కువకాలం మన్నే, నీటికి తట్టుకునే ఫోన్లకు మినహాయింపులున్నాయి కాబట్టి మూతలు ఎన్ని తెరుచుకుంటాయో చూడాలి. భారత్‌లో ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు కాని లిథియం బ్యాటరీని అమ్మకూడదు. బ్యాటరీ మీద ఆ ప్రమాణం పేరు, ‘ఆర్’తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవచ్చు. అది భద్రతకు సంబంధించిన ముద్ర, సామర్థ్యం అంకెకు హామీ అనుకోకూడదు.

ఆ అంకె పుట్టే చోటు ఇప్పుడు తెలుగు నేల మీద కూడా ఉంది. తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో మునోత్ సంస్థ పెట్టిన లిథియం సెల్ కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. రోజుకు 10 ఆంపియర్ అవర్ల సెల్స్ 20,000 చేయగల సామర్థ్యంతో, ముందు పవర్‌బ్యాంకుల కోసం. అంతవరకు విదేశాల నుంచి సెల్స్ తెచ్చి, సర్క్యూట్ కలిపి, లేబుల్ అంటించడమే మన దగ్గర బ్యాటరీ తయారీ. సెల్‌నే తయారుచేసే చోట పని వేరుగా ఉంటుంది. పొరలు చుట్టి, ద్రావకం పోసి, మూసిన ప్రతి సెల్‌నూ తొలిసారి మెల్లగా నింపుతారు. కొన్నాళ్లు అలా ఉంచి, వోల్టేజీ దానంతటది జారుతోందేమో చూస్తారు. తర్వాత కొలిచిన కరెంటుతో దించి, ఎన్ని ఆంపియర్ అవర్లు వచ్చాయో లెక్కించి, గ్రేడుల వారీగా వేరు చేస్తారు. లేబుల్ దాని తర్వాతే.